కూరకు రాని చేప... కోర్టుకెక్కిన నది

*ఇంగ్లండ్ నదుల్లో చబ్ అనే చేప ఉంది. ఒళ్లంతా ముళ్లు, వండితే రుచి ఉండదు, అమ్మితే పైసా రాదు. అయినా దానికోసం ఏటా తొమ్మిది నెలలు ఏటిగట్టున పడిగాపులు కాసేవాళ్లు వేలల్లో ఉన్నారు. మురుగునీటి కంపెనీల మీద ఆ దేశంలో ఇవాళ రేగుతున్న దుమారంలో ముందు వరసలో నిలబడిందీ ఈ గాలపు రాయుళ్లే.*

మార్చి 14, సాయంత్రం ఐదున్నర. లండన్‌కు ఉత్తరాన లీ నది గట్టు. ఆకులు రాలిన విల్లో చెట్టు పక్కన ఒక మడతకుర్చీ, అందులో డెబ్బై దాటిన పెద్దమనిషి. తలకి ఉన్ని టోపీ, ఒంటిమీద మూడు పొరల బట్టలు, వేళ్లు మాత్రం బయటికి కనిపించే చేతితొడుగులు. నాలుగు రోజుల కింద పడ్డ వానకి ఏరు ఇంకా మట్టిరంగులోనే ఉంది. ఎదురుగా నీళ్లలోకి వాలిన కొమ్మకి ఎగువనుంచి కొట్టుకొచ్చిన పుల్లలూ గడ్డీ ప్లాస్టిక్ సీసాలూ చిక్కుకుని దట్టంగా తెట్టు కట్టాయి. ఆయన చూపంతా ఆ తెట్టు అంచు మీదే.

ఒళ్లో చిన్న డబ్బా. మూత తీస్తే పక్కన కూర్చున్నవాళ్లు లేచిపోయేంత కంపు. చెడర్ జున్నూ, బూజు పట్టించి మాగబెట్టిన నీలి జున్నూ తురిమి, పేస్ట్రీ పిండిలో కలిపి, పూరీ పిండిలా గట్టిగా పిసికిన ముద్ద అది. ఒట్టి జున్నయితే చల్లటి నీళ్లలో రాయిలా బిగుసుకుని, గాలం దాన్ని చీల్చుకుని చేప నోట్లో దిగదు. అందుకే పిండి కలుపుతారు. బురద నీళ్లలో చేపకు కళ్లు పనిచేయవు కాబట్టి ఎరను వాసన పట్టి వెతుక్కోవాలి. అందుకే ఆ కంపు.

కుక్కను తిప్పుకుంటూ వచ్చిన ఒకావిడ ఆగి, ''ఏమైనా పడ్డాయా?'' అని అడిగింది. ''ఇంకా లేదండీ'' అన్నాడాయన తల తిప్పకుండానే.

చీకటి పడుతుండగా గాలపుకర్ర కొన కొద్దిగా అదిరింది. ఆయన కదల్లేదు. మళ్లీ రెండుసార్లు టక్ టక్ మంది. చబ్‌కు ఎరను పెదాలతో అందుకుని, అనుమానం వస్తే వదిలేసే అలవాటు. మూడోసారి కొన ఒక్కసారిగా వంగి ఏటివైపు పోయింది. కర్ర ఎత్తాడు. చేప తెట్టు కిందికి దూరబోతే, తంగూసు తెగినా సరేనని బిగబట్టి పక్కకు లాగాడు. రెండు నిమిషాల్లో అది చేతివలలోకి వచ్చింది. ఇత్తడి రంగు పొలుసులు, ఒక్కో పొలుసు అంచున నల్లటి గీత, పొట్ట కింద ఎర్రటి రెక్కలు, పిడికిలి పట్టేంత తెల్లటి నోరు. తడిపిన మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి, గాలం తీసి, తడిసంచీలో తూచాడు. ఐదు పౌన్ల ఆరు ఔన్సులు, అంటే దాదాపు రెండున్నర కిలోలు. ఒక ఫొటో. తర్వాత గట్టున మోకాళ్ల మీద కూర్చుని, చేప తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. మొప్పలు నిలకడగా ఆడి, తోకకి బలం వచ్చాక వదిలేశాడు.

ఆ రాత్రి పన్నెండు దాటితే ఇంగ్లండ్ నదుల్లో ఈ చేపకు గాలం వేయడం నేరం. మళ్లీ జూన్ 16 దాకా ఆగాల్సిందే.

తినేదానికి కాదట!

పులస కోసం పుస్తెలైనా అమ్మాలనే గడ్డ మీద పుట్టినవాళ్లకు ఇది మింగుడుపడని సంగతే. మూడు గంటలు చలిలో కూర్చుని రెండున్నర కిలోల చేపను పట్టి, పులుసు పెట్టుకోకుండా నీళ్లలో వదిలేయడమేమిటి?

నిజానికి వాళ్లూ ఒకప్పుడు తిన్నారు. ఐజాక్ వాల్టన్ అనే లండన్ బట్టల వ్యాపారి 1653లో 'ది కంప్లీట్ యాంగ్లర్' పేరుతో గాలం వేట మీద పుస్తకం రాశాడు. ఇంగ్లిష్‌లో అత్యధికంగా పునర్ముద్రణ పొందిన పుస్తకాల్లో అదొకటి. ఆ పుస్తకంలో కథ మొదలయ్యేది ఈ లీ నది లోయలోనే, శిష్యుడికి గురువు నేర్పే తొలి చేపల్లో ఒకటి ఈ చబ్బే. పక్షి నీడ పడితే చాలు మునిగిపోయే పిరికిదని దాని గురించి రాసి, మిడతను ఎరగా వేసి ఎలా పట్టాలో చెప్పాడు. పట్టాక ఎలా వండాలో చెప్పడానికి మాత్రం నానా తంటాలూ పడ్డాడు. పట్టిన వెంటనే వండాలి, గొంతులోని నాచు శుభ్రంగా కడగాలి, ఫలానా ఆకులు దట్టించాలి... ఒక వంటకానికి ఇన్ని జాగ్రత్తలు చెప్పాల్సొచ్చిందంటే దాని రుచి ఏపాటిదో మన ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చబ్ మన శీలావతికీ, బొచ్చెకూ దూరపు చుట్టం. ఆ జాతి ముళ్లన్నీ ఉన్నాయి, ఆ మాంసం రుచి లేదు. పైగా ఆ దేశంలో చేపల్లోనూ అంతరాలున్నాయి. సాల్మన్, ట్రౌట్ జమీందార్ల చేపలు. వాటికి ఈకలతో చేసిన ఉత్తుత్తి ఈగను కట్టి, అద్దె చెల్లించి, మర్యాదగా వేటాడాలి. చబ్, రోచ్, బ్రీమ్, బార్బెల్... ఇవన్నీ కూలీనాలీ చేసుకునేవాళ్ల చేపలు. ఆదివారం గనిలోంచో మిల్లులోంచో బయటపడ్డవాడు రైలెక్కి ఏటిగట్టుకు వెళ్లి పట్టుకునేవి. ట్రౌట్ పెంచే ఏళ్లలో చబ్ కనిపిస్తే కలుపుమొక్కను పీకినట్టు ఏరి పారేసేవాళ్లు.

ఈ రెండో తరగతి చేపను గౌరవనీయం చేసింది యాభైలనాటి ఒక తరం. ఆ తరానికి పెద్దదిక్కు రిచర్డ్ వాకర్. వృత్తి ఇంజినీరింగ్. రాత్రిపూట చేప ఎరను లాగితే మోగే ఎలక్ట్రిక్ గంట, దూరానికి విసరగలిగే 'ఆర్లెసీ బాంబ్' అనే గుండు... ఇలాంటివన్నీ ఆయన బుర్రలోంచి పుట్టినవే. 1952లో రెడ్‌మైర్ కొలనులో 44 పౌన్ల గండు చేపను పట్టి, చంపకుండా లండన్ జూకి అప్పగించాడు. ఎన్ని పట్టామన్నది కాకుండా ఎంత పెద్దది పట్టామన్నదే లెక్కగా, నీటి వేడిని కొలిచి, గాలివాటు చూసుకుని, చేప ఎక్కడుంటుందో ముందే లెక్కగట్టి వేటాడే పద్ధతికి ఊపొచ్చింది ఆయనతోనే. ఒక జాతిలో అరుదైనంత పెద్దదాన్ని ఆ సర్కిల్‌లో 'స్పెసిమెన్' అంటారు. చబ్‌కు ఆ హద్దు ఐదు పౌన్లు. ఏడు పౌన్లు దాటినదాన్ని జన్మలో ఒకసారి చూస్తే అదృష్టమే.

> ఇదీ చబ్
>
> శాస్త్రీయనామం స్క్వాలియస్ సెఫాలస్. బ్రిటన్‌లో ఇప్పటిదాకా గుర్తించిన రికార్డు చేప 2012లో పడింది. బరువు 9 పౌన్ల 5 ఔన్సులు (సుమారు 4.2 కిలోలు). దానికి ముందు 1994లో ఈశాన్య ఇంగ్లండ్‌లోని టీస్ నదిలో పడిన 8 పౌన్ల 10 ఔన్సుల చేప పేరు మోగింది.
>
> ఇది ఏమైనా తింటుంది. పురుగులు, గుల్ల లేని నత్తలు, చిన్న చేపలు, క్రేఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి), కప్పలు, చెట్లనుంచి రాలే పళ్లు, రొట్టె, జున్ను. దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. తెలియనివాళ్లు గాలం తీయబోయి నోట్లోకి వేలు మరీ లోపలికి పెడితే అవి నలిపేస్తాయి.
>
> నాలుగు పౌన్లకు ఎదగడానికి పదేళ్లకు పైనే పట్టొచ్చు. అంటే గట్టుమీది పిల్లాడి వయసే ఉంటుంది, వాడు పట్టిన పెద్ద చేపకూ.
>
> ఐర్లండ్‌లో మాత్రం దీన్ని చూస్తే అధికారులు ఉలిక్కిపడతారు. అక్కడి ఇన్నీ నదిలోకి ఎవరో దొంగతనంగా వదిలితే, పరాయి జాతి వ్యాపించకూడదని కరెంటు వలలతో వెతికి తీసేశారు.

జూన్ నుంచి మార్చి దాకా

జూన్ 16 గాలపు రాయుళ్లకు ఉగాది. ముందురోజు రాత్రే గట్టుకు చేరి, ఫ్లాస్కులో టీ పోసుకుని, గడియారం పన్నెండు కొట్టేదాకా కాచుకుని తొలి గాలం విసిరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అప్పటికి చబ్‌లు గులకరాళ్ల మీద లోతు తక్కువ నీళ్లలో గుడ్లు పెట్టి, బక్కచిక్కి, ఆకలి మీదుంటాయి.

వేసవి వేట కంటితో చూసి చేసేది. కర్ర, వల, ఒక రొట్టె. అంతకుమించి మోసుకెళ్లరు. నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి మనిషి చేపను చూడగలడు, చేపా మనిషిని చూడగలదు. దురదగొండి పొదల్లో మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి, కొమ్మల సందులోంచి తొంగిచూస్తే నాలుగైదు చబ్‌లు నీడలో నిలబడి కనిపిస్తాయి. రొట్టె పెచ్చు తుంచి పైనుంచి నీళ్లమీద వదిలితే, మొదట చిన్నవి ముక్కుతో పొడుస్తాయి. పెద్దది వెనకే ఉండి చూస్తుంది. ఉచితంగా వేసిన పెచ్చులు నాలుగు తిన్నాక ఐదోది, గాలం ఉన్నది వస్తే, కిందిదాకా వచ్చి ఆగిపోతుంది! చెట్టు మీదనుంచి 'ప్లప్' మని నత్త పడ్డ చప్పుడుకు మాత్రం ఆ జాగ్రత్తంతా మరిచిపోయి పరుగెత్తుకొస్తుంది. అందుకే తోటల్లో రాత్రి టార్చిలైటుతో నత్తలేరే పిచ్చివాళ్లు ఈ వేటగాళ్లలో ఎక్కువ.

శరదృతువులో ఎల్డర్ పళ్లు నల్లగా పండి నీళ్లలో రాలతాయి. ఆ చెట్ల కింద చేరిన చబ్‌లకు పొట్ట ఊదారంగు. తర్వాత ఆకులు రాలి ఏరంతా చెత్త. గాలానికి ప్రతిసారీ ఆకులే పడుతుంటే చాలామంది కర్రలు చుట్టేస్తారు.

అసలు ఆట శీతాకాలంలో. మిగతా చేపలు చలికి మందగించినా, నీళ్లు నాలుగైదు డిగ్రీలకు పడిపోయినా చబ్ ఎంతో కొంత తింటుంది. అందుకే చబ్‌ను నమ్ముకున్నవాడికి జనవరిలోనూ ఉత్తచేతులు తక్కువ. తినే చేప ఉన్న చోటు తెలియడమే కష్టం. వరదొస్తే ఉధృతిని తప్పించుకుని ఒడ్డు వంకల్లోకి, తెట్ల కిందికి పోతాయి. మంచు కరిగిన నీళ్లు ఏట్లో కలిస్తే వేడి ఒక్కసారిగా పడిపోయి నోరు మూసేస్తాయి. అదే నైరుతి గాలి వీచి, ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే ఆఫీసుకు సెలవు పెట్టేవాళ్లుంటారు. ఫిబ్రవరి చివరికి ఆడ చేపల్లో గుడ్లు నిండుతాయి. ఏడాదిలో అత్యంత బరువుండేది అప్పుడే. సీజన్ మూసే ముందు పక్షం రోజులు గట్లన్నీ కిటకిటలాడేది అందుకే.

ఈ బరువుల మోజు మీద నాకో అభ్యంతరం ఉంది. పేరున్న కొన్ని వంకల్లో ఒకే చేపను ఏడాదికి పలుమార్లు పట్టి, పొలుసు మచ్చలను బట్టి గుర్తుపట్టి, పేర్లు పెట్టుకుని పిలుస్తారు. అడవి చేప పెంపుడు చేప అయిపోయింది. గాలం గుచ్చడం దానికి నొప్పి కాదా అన్న ప్రశ్న కూడా ఉంది. రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల దగ్గర నొప్పిని గుర్తించే నాడులున్నాయని 2003లో చూపించింది. వదిలేయాలన్న ఉద్దేశంతోనే గాలం వేయడం స్విట్జర్లాండ్‌లో నిషేధం. ఇంగ్లండ్ గాలపు రాయుళ్లు ముళ్లులేని గాలాలూ, ముడుల్లేని మెత్తటి వలలూ చూపించి సమాధానపడతారు. పూర్తి సమాధానమైతే అది కాదు.

చేప లావెక్కింది... ఎందుకని?

అరవై, డెబ్బైల్లో నాలుగు పౌన్ల చబ్ పడితే ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఐదు పౌన్లవి చాలా నదుల్లో పడుతున్నాయి. బెడ్‌ఫర్డ్ దగ్గర గ్రేట్ ఊస్, డోర్సెట్‌లో స్టౌర్, మధ్య ఇంగ్లండ్‌లో ట్రెంట్, లండన్ పక్కన లీ, అన్నిచోట్లా అదే మాట. విని సంబరపడాలా?

గట్టు మీద చెప్పే కారణాలు వింటే సంబరం తగ్గుతుంది. మొదటిది, వేటగాళ్లే వేసే మేత. బార్బెల్ కోసం నదుల్లో గుమ్మరించే మాంసకృత్తుల గుళికలన్నీ చబ్‌ల పొట్టలోకీ పోతున్నాయి. రెండోది అమెరికా సిగ్నల్ క్రేఫిష్. డెబ్బైల్లో ఎగుమతి వ్యాపారం కోసం తెచ్చి చెరువుల్లో పెంచితే, తప్పించుకుని నదులన్నీ ఆక్రమించాయి. పెద్ద చబ్‌కు అది విందుభోజనం. కాకపోతే ఆ క్రేఫిష్ చబ్ గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది, ఒడ్లను తొలిచి మట్టిని ఏట్లోకి దింపుతుంది.

ఇక మూడోది కలవరపెట్టేది. చాలా నదుల్లో పిల్లచేపలు తక్కువ. గులకరాళ్ల మధ్య సన్నటి మట్టి పేరుకుంటే గుడ్లకు ప్రాణవాయువు అందదు. పోటీకి పిల్లలు లేనప్పుడు ఉన్న కొద్ది ముసలి చేపలే తిండంతా తిని లావెక్కుతాయి. ఫొటోలో నవ్వుతూ పట్టుకున్న రికార్డు చేప, పిల్లల్లేని ఇంట్లో మిగిలిన పెద్ద ప్రాణం కావచ్చు. ఆ కొద్ది చేపలనూ నీటికుక్కలు తింటున్నాయని వేటగాళ్లు గగ్గోలు పెడతారు. డీల్డ్రిన్ లాంటి పురుగుమందులతో దాదాపు తుడిచిపెట్టుకుపోయిన నీటికుక్క, వాటిని నిషేధించాక మెల్లగా తిరిగొచ్చి 2011 నాటికి ఇంగ్లండ్ కౌంటీలన్నిటికీ చేరింది. దాని తప్పేముంది? ఏట్లో చిన్న చేప దొరక్కపోతే పెద్దదాన్నే పడుతుంది.

లోటు పూడ్చడానికి నాటింగ్‌హామ్‌షైర్‌లోని కాల్వర్టన్‌లో ప్రభుత్వ పర్యావరణ సంస్థే చేపపిల్లల కేంద్రం నడుపుతోంది. గాలం లైసెన్సుల డబ్బుతో చబ్, బార్బెల్, డేస్, రోచ్ పిల్లలను పెంచి నదుల్లో వదులుతారు. నీళ్లు బాగులేకపోతే ఎన్ని వదిలి ఏం లాభం అని అడిగేవాళ్లూ గాలం క్లబ్బులవాళ్లే.

కత్తుల కార్మికులు తెచ్చిన చట్టం

మూడు నెలల వేట నిషేధం పైనుంచి ఊడిపడలేదు. పందొమ్మిదో శతాబ్దంలో షెఫీల్డ్ ఉక్కు, కత్తుల పరిశ్రమ కార్మికులకు గాలమంటే ప్రాణం. వందలమందితో క్లబ్బులు పెట్టుకున్నారు. గుడ్లు పెట్టే కాలంలోనూ చేపను పట్టేస్తుంటే ఏళ్లు ఖాళీ అవుతున్నాయని వాళ్లే గుర్తించారు. వాళ్ల ఊరి ఎంపీ ఎ.జె.ముండెల్లా 1878లో మంచినీటి చేపల రక్షణ చట్టం తెచ్చాడు. చేపను పట్టేవాళ్లే పట్టొద్దని చట్టం అడిగి తెచ్చుకున్నారన్నమాట. మన కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట ఆపేదీ ఈ లెక్కనే. అక్కడ చెరువుల్లో ఈ నిషేధం 1995లోనూ, తర్వాత చాలా కాలువల్లోనూ ఎత్తేశారు. నదుల్లోనూ ఎత్తేద్దామా అని 2019లో అభిప్రాయం అడిగాక, ఉంచాలనే నిర్ణయించారు.

ఆ తర్వాతి ఘట్టం కోర్టులో. 1948లో జాన్ ఈస్ట్‌వుడ్ అనే న్యాయవాది, కాలుష్యం మీద దావాలు వేయడానికే గాలం వేసేవాళ్ల సహకార సంఘం ఒకటి పెట్టాడు. అసలు కిటుకు అక్కడి ఆస్తి చట్టంలో ఉంది. ఏటి ఒడ్డున భూమి ఉన్నవాడికీ, చేపల హక్కు కొనుక్కున్న క్లబ్బుకీ శుభ్రమైన నీళ్లు పొందే హక్కుంది. పక్కింటివాడు మన గోడ కూలిస్తే దావా వేసినట్టే, ఎగువవాడు నీళ్లు పాడుచేస్తే వేయొచ్చు.

డర్బీ ఊరి గాలం సంఘం 'ప్రైడ్ ఆఫ్ డర్బీ' ఆ పనే చేసింది. డెర్వెంట్ నదిలోకి రసాయనాలు వదులుతున్న బ్రిటిష్ సెలనీస్ అనే కృత్రిమ పట్టునూలు కంపెనీ మీద, వేడినీళ్లు వదులుతున్న విద్యుత్ సంస్థ మీద, సరిగ్గా శుద్ధి చేయని మురుగు వదులుతున్న డర్బీ నగరపాలక సంస్థ మీద... ముగ్గురి మీదా ఒకేసారి కేసు! 'జనాభా పెరిగిపోయింది, మేమేం చేసేది?' అన్నది కార్పొరేషన్ వాదన. 1952 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, క్లబ్బుకు అనుకూలంగా ఇచ్చిన నిషేధాజ్ఞను ఖాయం చేసింది. చేపలు పట్టుకునే సంఘానికి, ఒక నగరాన్ని మురుగు ఆపమని ఆదేశం తెప్పించే సత్తా ఉందని దేశమంతా చూసింది. ఆ డెర్వెంట్ వెళ్లి కలిసే ట్రెంట్ నది అప్పట్లో పారిశ్రామిక మురుగుతో చాలాచోట్ల చచ్చిన ఏరు. ఇవాళ పెద్ద చబ్‌లకు పేరున్న నదుల్లో అదొకటి.

ఈస్ట్‌వుడ్ పెట్టిన సంఘమే ఇప్పుడు 'ఫిష్ లీగల్'. దానికి తోడు 2009లో 'యాంగ్లింగ్ ట్రస్ట్' ఏర్పడింది.

> గాలం వేయాలంటే...
>
> ఇంగ్లండ్‌లో 13 ఏళ్లు నిండిన ఎవరికైనా లైసెన్సు తప్పనిసరి. 13–16 ఏళ్ల పిల్లలకు ఉచితమే గానీ తీసుకుని ఉండాలి. లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌన్ల దాకా పోవచ్చు.
>
> లైసెన్సుతో పని అయిపోదు. ఆ గట్టు యజమాని లేదా క్లబ్బు అనుమతి వేరే.
>
> నదిలో పట్టిన చేపను ఇంటికి తెచ్చుకోవడానికి కఠినమైన పరిమితులు. రోజుకు 20 సెంటీమీటర్లలోపు చిన్న చేపలు పదిహేను, 65 సెంటీమీటర్లలోపు పైక్ ఒకటి, 30–38 సెంటీమీటర్ల గ్రేలింగ్ రెండు. అదీ హక్కుదారు ఒప్పుకుంటేనే. పెద్ద చబ్‌ను తేవడం కుదరదు.
>
> సీసపు గుండ్లు పొట్టలోకి పోయి హంసలు చస్తున్నాయని వాటిని 1987 నుంచి చాలా సైజుల్లో నిషేధించారు.

గంటల లెక్క

ఇంగ్లండ్‌లో పాత ఊళ్లలో వాననీళ్లకీ మరుగుదొడ్లకీ ఒకటే గొట్టం. కుండపోత పడ్డప్పుడు ఇళ్లలోకి ఎదురుతన్నకుండా అదనపు నీళ్లను నేరుగా ఏట్లోకి వదలడానికి తూములుంటాయి. అసాధారణమైన వానలకే వాడాలని నిబంధన. 1989లో నీటి వ్యవస్థను ప్రైవేటు కంపెనీలకు అమ్మేశారు. తర్వాత ఊళ్లు పెరిగాయి, గొట్టాలు పాతబడ్డాయి, వాటాదారులకు లాభాలు పంచారు. తూములు తెరవడం మామూలైంది.

ఎన్ని గంటలు తెరిచారో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. దాదాపు 14 వేల తూములన్నిటికీ మీటర్లు పెట్టడం 2023 చివరికి పూర్తయింది. 2022లో 17.5 లక్షల గంటలు మురుగు ఏళ్లలోకి పోయిందని తేలితే, 2023లో 36 లక్షల గంటలు! వానలెక్కువ పడ్డ ఏడాది అన్నది కంపెనీల జవాబు. 2024లోనూ 36 లక్షలు దాటింది. మంచి పర్యావరణ స్థితిలో ఉన్నవి ఆ దేశపు నదుల్లో ఏడింట ఒకటే. మురుగు ఒక్కటే కారణమనడం మాత్రం అన్యాయం. పొలాల ఎరువు, కోళ్ల పెంట కూడా అంతే పాపం చేస్తున్నాయి. చబ్, బార్బెల్‌లకు పేరుపడ్డ వై నది పరీవాహకంలో రెండు కోట్లకు పైగా కోళ్లు పెరుగుతున్నాయి. ఆ పెంటలోని భాస్వరంతో వేసవిలో ఏరు పచ్చటి పాచి పడుతోంది. తెల్లపూల నీటిమొక్కలు చాలావరకు చచ్చిపోయాయి.

ఈ గొడవను ఇంటింటికీ చేర్చినవాళ్లు చిత్రమైన మనుషులు. ఫియర్గల్ షార్కీ 1978 నాటి 'టీనేజ్ కిక్స్' పాట పాడిన రాక్ గాయకుడు. లీ నది మీదే ఉన్న ఓ పాత గాలం క్లబ్బుకి పెద్ద. తమ ఏట్లో నీళ్లు తగ్గిపోవడం చూసి నిలదీయడం మొదలుపెట్టి, ఇవాళ నీటి కంపెనీల పాలిట సింహస్వప్నమయ్యాడు. పాల్ వైట్‌హౌస్, బాబ్ మార్టిమర్ ఇద్దరూ హాస్యనటులు, ఇద్దరూ గుండె జబ్బు పడి లేచినవాళ్లు. బైపాస్ అయ్యాక ఇంట్లోంచి కదలని మార్టిమర్‌ను వైట్‌హౌస్ ఏటికి లాక్కెళ్లాడు. ఆ స్నేహమే 2018లో బీబీసీలో 'గాన్ ఫిషింగ్' కార్యక్రమమైంది. చేపలకంటే కబుర్లే ఎక్కువ, అయినా జనం ఎగబడి చూశారు. అదే వైట్‌హౌస్ 2023లో నదుల దుస్థితి మీద రెండు భాగాల డాక్యుమెంటరీ చేశాడు. నవ్వించే మనిషి గంభీరంగా మురుగు తూము పక్కన నిలబడేసరికి దేశం ఉలిక్కిపడింది.

పేరులేనివాళ్లు చేసే పని ఇంతకంటే పెద్దది. 2022లో యాంగ్లింగ్ ట్రస్ట్ సెవెర్న్ నది మీద మొదలుపెట్టి నీటి పరీక్షల బృందాలను తయారుచేసింది. క్లబ్బు సభ్యులకు చిన్న పరికరాలిస్తారు. సీసాతో నీళ్లు ముంచి ఫాస్ఫేట్, నైట్రేట్ ఎంతుందో చూసి రాస్తారు. ఇంకొందరు అడుగున రాళ్లను కాలితో కదిపి, వలలోకి కొట్టుకొచ్చిన పురుగులను పళ్లెంలో పోసి లెక్కపెడతారు. మేఫ్లై పిల్లలు తగ్గితే పైన ఎక్కడో ఏదో కలిసినట్టే. వారంవారం ఒకే వంకకు వెళ్లే మనిషికి నీళ్ల రంగు మారితే ముందు తెలుస్తుంది, తనిఖీ అధికారికి తర్వాత.

కేసుల సంగతీ మారింది. యార్క్‌షైర్‌లో కోస్టా బెక్ అనే చిన్న ఏటి మీద పికరింగ్ గాలం సంఘం, ఫిష్ లీగల్ సాయంతో ప్రభుత్వాన్నే కోర్టుకు లాగింది. ఆ ఏటిని బాగుచేయడానికి నిర్దిష్టమైన ప్రణాళికే లేదని 2023లో హైకోర్టు అంది, 2025లో అప్పీలు కోర్టూ ఔనంది. 2024 జులైలో సుప్రీంకోర్టు మాంచెస్టర్ షిప్ కెనాల్ కేసులో, మురుగు వదిలిన కంపెనీ మీద ఒడ్డు హక్కుదారులు నేరుగా దావా వేయొచ్చని తేల్చింది. జరిమానాలూ పెరిగాయి. 2021లో సదరన్ వాటర్‌కు 9 కోట్ల పౌన్లు, 2025 మేలో థేమ్స్ వాటర్‌కు మురుగు, డివిడెండ్ల ఉల్లంఘనలకు కలిపి 12.27 కోట్ల పౌన్లు. తనిఖీకి అడ్డుపడే కంపెనీ పెద్దలను జైలుకు పంపే చట్టమూ 2025లోనే వచ్చింది. నీటి నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్‌నే ఎత్తేయాలని జాన్ కన్లిఫ్ కమిషన్ జులైలో చెబితే ప్రభుత్వం సరేనంది.

కంపెనీలు కట్టే జరిమానా చివరికి నీళ్ల బిల్లులో జనం మీదే పడుతుందా అన్న తగువు ఇంకా నడుస్తోంది. కొత్త గొట్టాలకు ఏళ్లు పడుతుంది. ఈలోగా గులకరాళ్ల మీద మట్టి పేరుకుంటూనే ఉంది.

రీడింగ్‌లో, స్లౌలో, లండన్ శివార్లలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. సాయంత్రం నడకకు వెళ్లే థేమ్స్ గట్టు కింద కూడా ఈ చబ్‌లున్నాయి. సరదాపడి గాలం వేయాలనిపిస్తే ముందు లైసెన్సు తీసుకోండి, మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదివైపు కర్ర పట్టుకెళ్లకండి, పట్టిన పెద్ద చేపను వదిలేయండి. నీళ్లు బూడిదరంగుకు తిరిగినా, చేపలు తేలి కనిపించినా ఫొటో తీసి, పర్యావరణ సంస్థ ఫోను నంబరు 0800 80 70 60కు చెప్పండి. రాత్రీపగలూ ఎత్తుతారు, కాల్ ఉచితం.